ఆమ్‌స్టర్‌డామ్ కాలువ వీధిని మందపాటి ఆయిల్ రంగుల్లో గీయడం: మొదటి గీత నుంచి వార్నిష్ దాకా

మందపాటి ఆయిల్ రంగుతో కాలువ నగరాన్ని గీయాలని కూర్చున్నవాళ్లలో చాలామంది కాన్వాస్ మొత్తాన్ని ఒకే మందంతో నింపేస్తారు. గోడకూ అదే ముద్ద, ఆకాశానికీ అదే, నీళ్లకూ అదే. బొమ్మ పూర్తయ్యాక చూస్తే ఇళ్లు బాగానే ఉంటాయి, కాలువ మాత్రం సిమెంటు పోసి చదును చేసిన రోడ్డులా కనిపిస్తుంది. కారణం ఉంది. రంగు ఉబ్బెత్తుగా ఉన్నచోట గదిలోని వెలుతురు దాని గట్ల మీద పడుతుంది. ఆ మెరుపు చూడగానే కన్ను అక్కడ గట్టి వస్తువు ఉందని, అది దగ్గర్లోనే ఉందని లెక్కేసుకుంటుంది. అందుకే ఈ బొమ్మలో అసలు పని రంగు మందాన్ని పంచడం. ఎండ పడిన గోడకు ఎక్కువ, నీడకు తక్కువ, నీళ్లలోని లోతుకు ఇంకా తక్కువ. కింద చెప్పే పద్ధతంతా ఈ ఒక్క విషయం చుట్టూనే నడుస్తుంది.

ఉదాహరణకు ఆమ్‌స్టర్‌డామ్‌ను తీసుకుంటున్నాను. 1613లో తవ్వడం మొదలైన అక్కడి కాలువల వలయం (హెరెన్‌గ్రాహ్ట్, కైజర్స్‌గ్రాహ్ట్, ప్రిన్సెన్‌గ్రాహ్ట్ అందులోవే) ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 2010లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సన్నగా ఎత్తుగా నిలబడ్డ ఇటుక ఇళ్లు, వాటి నెత్తిన మెట్ల ఆకారంలోనో గంట ఆకారంలోనో తీర్చిన శిఖరాలు, తెల్లటి కిటికీ చట్రాలు, గట్టు వెంట ఎల్మ్ చెట్లు, ఇటుక కమాను వంతెనలు. గరుకు బ్రష్ పనికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు తోచదు.

ఈ నగరాన్నే ఇద్దరు చిత్రకారులు రెండు చివరల నుంచి చూశారు. 17వ శతాబ్దంలో యాన్ వాన్ డెర్ హైడెన్ ఒక్కో ఇటుకా విడిగా కనిపించేలా నున్నటి పూతతో గీశాడు. ఆ ఊరికి వీధి దీపాల ఏర్పాటు రూపొందించిందీ, మంటలార్పే పంపులకు గొట్టాలు అమర్చిందీ ఆయనే. అంతటి ఓపిక ఆయన గోడల్లో కనిపిస్తుంది. రెండు వందల ఏళ్ల తర్వాత జార్జ్ హెండ్రిక్ బ్రైట్నర్ అదే ఊరిని ముదురు గోధుమ, బూడిద రంగుల్లో వెడల్పాటి బ్రష్‌తో గీశాడు. ఆయన గోడ మీద ఇటుకలు లెక్కపెట్టడానికి దొరకవు, అయినా అది ఇటుక గోడేనని తెలిసిపోతుంది. మనం పట్టుకునేది బ్రైట్నర్ దారి.

సామగ్రి

మొదటిసారి 40×50 సెంటీమీటర్ల కొలత సరిపోతుంది. అంతకంటే చిన్నదైతే వెడల్పు బ్రష్ తిరగదు. కాన్వాస్ కన్నా చెక్క పలక గానీ, పలక మీద అంటించిన కాన్వాస్ గానీ మేలు. మందపాటి రంగు ఆరాక బిరుసెక్కుతుంది. కింద ఉన్న గుడ్డ వదులై ఊగితే ఆ బిరుసు పొర పగులుతుంది. గెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత) రెండు మూడు పూతలు వేసి, ఆరాక సన్నటి శాండ్‌పేపర్‌తో లేతగా రుద్దండి. మరీ నున్నగా చేయకండి, బ్రష్‌కు పట్టు దొరకాలి.

రంగులు ఎక్కువ అక్కర్లేదు. టైటానియం వైట్ పెద్ద ట్యూబు, అల్ట్రామెరైన్ బ్లూ, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, కాడ్మియం ఎల్లో లైట్, కాడ్మియం రెడ్, విరిడియన్. నలుపు కొనకండి. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ అంబర్ కలిపితే వచ్చే ముదురు రంగు నలుపు కంటే సజీవంగా ఉంటుంది. అది చల్లగా కావాలా వెచ్చగా కావాలా అన్నదీ మీ చేతిలోనే ఉంటుంది. జింక్ వైట్ జోలికి మాత్రం పోవద్దు. అది ఆరేకొద్దీ పెళుసవుతుంది, ముద్దరంగుకు అది ప్రమాదం.

పందివెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌లు మూడు (4, 8, 12 నంబర్లు), కొన గుండ్రంగా ఉండే ఫిల్బర్ట్ బ్రష్ ఒకటి, పడవ స్తంభాలకూ తాళ్లకూ పొడుగు వెంట్రుకల రిగ్గర్ ఒకటి, రంగు ఎత్తి పూయడానికి వజ్రం ఆకారపు పాలెట్ నైఫ్ (మొద్దు చాకు) ఒకటి. మెత్తటి సింథటిక్ బ్రష్‌లు ముద్దరంగును మోయలేవు, పక్కన పెట్టేయండి. కిటికీ తెరిచి పని చేయండి. కాడ్మియం రంగులున్న బ్రష్‌ను నోట్లో పెట్టుకునే అలవాటుంటే ఈరోజే మానేయండి.

ట్యూబులోంచి వచ్చిన రంగు మరీ జారుగా, నూనె తేలుతూ ఉంటే దాన్ని కాసేపు పీల్చే కాగితం మీద పరచి ఉంచండి. అదనపు నూనె కాగితంలోకి దిగి రంగు బిగుసుకుంటుంది, బ్రష్ గాట్లు నిలబడతాయి. ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా కూడా రంగులోంచి నూనె ఇలాగే తీసేసేవాడు. మందం కోసం లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) మాత్రం కలపకండి. నూనె ఎక్కువైతే ఆరేటప్పుడు పైపొర ముడతలు పడుతుంది.

ఎక్కడ నిలబడాలి, ఏ వేళ

వంతెన మీద నిలబడి కాలువ పొడవునా చూస్తే కంటి ఎత్తు పెరుగుతుంది, కాలువ వెడల్పుగా పరుచుకుంటుంది. గట్టు మీద నుంచి చూస్తే నీళ్లు సన్నటి పట్టీ అవుతాయి, ఇళ్లు మీద పడుతున్నట్టుంటాయి. నాకు వంతెనే ఇష్టం. కాలువ రెండు అంచులూ, ఇళ్ల చూరులూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయి, కన్ను నేరుగా లోపలికి పోతుంది.

వేళ విషయంలో మధ్యాహ్నం ఎండను వదిలేయండి. సాయంత్రం ఒక వరుస ఇళ్లు నీడలో మునిగి, ఎదుటి వరుస వెలుగుతున్నప్పుడు బొమ్మ సగం దానంతటదే కుదురుతుంది. మందం ఎక్కడికి పోవాలో ఎండే చెబుతుంది. ఫొటో చూసి గీసేటట్టయితే ఒక జాగ్రత్త: కెమెరా నీడల్ని నల్లగా మింగేస్తుంది, ఆకాశాన్ని తెల్లగా కాల్చేస్తుంది. ఫొటోలోంచి కట్టడం తీసుకోండి, రంగుల్ని మాత్రం కళ్లతో చూసినదాన్ని బట్టే వేయండి.

రంగు ముట్టుకునే ముందు అరచేయంత కాగితం మీద పెన్సిల్‌తో మూడే ఛాయల్లో (వెలుగు, నడిమి, నీడ) రెండు మూడు చిన్న నమూనాలు వేయండి. ఆ చిన్న బొమ్మ గది అవతలి నుంచి చూసినా కాలువలా తెలిస్తే సరే. తెలియకపోతే పెద్ద కాన్వాస్ మీదా తెలియదు.

గీత, ప్రతిబింబాల లెక్క

గెస్సో తెలుపు మీద నేరుగా మొదలుపెట్టకండి. బర్న్ట్ సియెన్నాను టర్పెంటైన్‌తో (ఆయిల్ రంగును పలచన చేసే ద్రవం) నీళ్లలా పలచన చేసి కాన్వాస్ అంతా పులిమి, గుడ్డతో తుడిచేయండి. మిగిలే లేత ఇటుక రంగు తర్వాత బ్రష్‌గీతల సందుల్లోంచి తొంగిచూస్తుంది. ఇటుక ఊరికి అది వరం.

అది ఆరాక పలచటి అంబర్‌తో కంటి మట్టం గీత, కలిసే బిందువు, కాలువ అంచులు, ఇళ్ల నిలువు గీతలు వేయండి. ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్లు కొన్ని కాస్త ముందుకు, కొన్ని పక్కకు ఒరిగి ఉంటాయి. ఆ ఒరుగుదలను సరిదిద్దకండి, దానిలోనే ఆ వీధి పోలిక ఉంది.

ఎక్కువమంది తడబడేది ప్రతిబింబాల దగ్గర. ఇంటిని తలకిందులు చేసి నీళ్లలో అతికిస్తే చాలనుకుంటారు. వెనిస్‌లో చాలాచోట్ల గోడ నీళ్లలోంచే లేస్తుంది కాబట్టి అక్కడ ఆ లెక్క పనికొస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంటికీ నీటికీ మధ్య గట్టుగోడ ఉంటుంది, దాని పైన వీధి ఉంటుంది, చెట్లుంటాయి. అందుకని నీళ్లలో ఇంటి కిందిభాగం కనిపించదు, గట్టుగోడ ప్రతిబింబం దాన్ని కప్పేస్తుంది. తలుపులు, గుమ్మం మెట్లు మాయమవుతాయి. పై అంతస్తుల కిటికీలు, శిఖరాలు మాత్రమే మిగులుతాయి. మీరు ఎంత ఎత్తు నుంచి చూస్తే అంత ఎక్కువ భాగం మాయమవుతుంది.

కొలత ఇలా తీయాలి. ఇంటి ముందుగోడను వీధి కిందికి, నీటి మట్టం దాకా పొడిగించినట్టు ఊహించుకోండి. గట్టు ఎత్తు ఇంటి ఎత్తులో పదో వంతు ఉందనుకుంటే, ఇంటి పాదం నుంచి ఆ పదో వంతు కిందికి ఒక గుర్తు పెట్టండి. ఆ గుర్తు నుంచి శిఖరం వరకు స్కేలుతో కొలిచి, అంతే దూరం కిందికి దించండి. శిఖరం ప్రతిబింబం కొన అక్కడ పడుతుంది. ఒక్కో వైపు రెండు ఇళ్లకు ఇలా కొలిస్తే చాలు, మిగతావి వాటి వెంట సర్దుకుంటాయి. ప్రతిబింబం ఎప్పుడూ వస్తువుకు నిలువునా కిందే పడుతుంది, పక్కకు జరగదు. పక్కకు పోయేవి నీడలు. ఆ రెండింటినీ కలిపేస్తే బొమ్మ ఎక్కడో తప్పిందని చూసేవాళ్లకు అనిపిస్తుంది, ఎక్కడో మాత్రం చెప్పలేరు.

వంతెన కమాను ప్రతిబింబంలో కమాను అడుగుభాగం నేరుగా చూసిన దానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. నీళ్లలోకి చూడటమంటే నీటి కింద నుంచి పైకి చూడటంతో సమానం.

తొలిపూత

మొదటి రోజు ముద్దరంగు వద్దు. టర్పెంటైన్‌తో పలచన చేసిన రంగుతో పెద్ద బ్రష్ పట్టుకుని ముదురు భాగాలన్నీ ముందు నింపండి: నీడవైపు ఇళ్ల వరుస, వంతెన అడుగు, గట్టుగోడ, చెట్ల గుబుర్లు, నీళ్లలో ఆ ఇళ్ల ప్రతిబింబం. కిటికీలు, తలుపులు ఏవీ గుర్తు పెట్టకండి. తర్వాత ఎండ గోడల్ని, ఆకాశాన్ని పలుచగా పులమండి. ఓ గంటలో పని అయిపోవాలి.

కింద పలచన, పైన జిడ్డు అన్నది ఆయిల్ పెయింటింగ్‌లో తప్పించుకోలేని నియమం. ఆయిల్ రంగు నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని గట్టిపడుతుంది. నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా గట్టిపడుతుంది, ఎక్కువకాలం సాగుతుంది. దాని మీద త్వరగా బిగిసే పొర వేస్తే కింద కదలిక ఉండగానే పైన బిగుసుకుని పగుళ్లిస్తుంది. అంబర్ రంగుల్లో మాంగనీస్ ఉంటుంది, అందువల్ల అవి త్వరగా ఆరతాయి. తొలిపూతకు అవి తగినవి. రెండు మూడు రోజులు వదిలేసి, వేలికి అంటనప్పుడు మళ్లీ మొదలుపెట్టండి.

ఆకాశం

ఆకాశం మీద ఎక్కువసేపు కూర్చోవద్దు. ఆ ఊరి ఆకాశంలో మబ్బులే ఎక్కువ. తెలుపులో కొంచెం ఓకర్, కొంచెం అల్ట్రామెరైన్ కలిపితే చాలు. 12వ నంబరు ఫ్లాట్‌తో ఏటవాలుగా అటూఇటూ అడ్డదిడ్డంగా వేయండి. మందం మధ్యస్థంగా ఉండాలి, గోడల్ని మించకూడదు. ఇంటి శిఖరాలకు ఆనుకున్న చోట ఆకాశాన్ని శిఖరంలోకి కాస్త తోయండి, తర్వాత శిఖరం రంగును తిరిగి ఆకాశంలోకి తోయండి. కత్తిరించి అతికించినట్టు కాకుండా అంచు ఊపిరి పీల్చుకుంటుంది.

ఎండ పడిన ఇటుక గోడ

ఇక్కడ తొందరపడకండి, బొమ్మంతా దీని మీదే నిలబడుతుంది. పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద మూడు కుప్పలు సిద్ధం చేసుకోండి. మొదటిది బర్న్ట్ సియెన్నా, ఓకర్, తెలుపు: ఎండలోని ఇటుక. రెండోది బర్న్ట్ సియెన్నాలో కొద్దిగా అల్ట్రామెరైన్: మామూలు ఇటుక. మూడోది అల్ట్రామెరైన్, అంబర్, చుక్క కాడ్మియం రెడ్: నీడ ఇటుక. కుప్పల్ని పూర్తిగా కలపకండి. సగం కలిసిన రంగు బ్రష్‌లోంచి చారలు చారలుగా దిగుతుంది, ఒక్క తోపులో (బ్రష్‌ను ఒకసారి ఆనించి లాగితే పడే గీతలో) నాలుగు ఛాయలు పడతాయి. ఇటుక గోడ పాతదనం ఆ చారల్లోంచే వస్తుంది.

8వ నంబరు ఫ్లాట్‌ను కాడ చివర పట్టుకోండి, పెన్సిల్‌లా కాదు. వెంట్రుకల ఒక వైపు మాత్రమే రంగు ముద్దగా ఎత్తుకోండి. బ్రష్‌ను కాన్వాస్‌కు దాదాపు ఆనించినట్టు వాల్చి, ఆనించి, వేలెడంత అడ్డంగా లాగి ఎత్తేయండి. అంతే. దాని మీదకు మళ్లీ పోవద్దు. రెండోసారి ముట్టుకోగానే గట్లు నలిగిపోతాయి, చారలు కలిసిపోయి మట్టి రంగవుతుంది. తోపు నచ్చకపోతే నైఫ్‌తో గీకి తీసేసి మళ్లీ వేయండి, సవరించకండి. ప్రతి తోపుకీ ముందు బ్రష్‌ను గుడ్డతో తుడుచుకోండి. చెప్పడానికి చిన్న విషయమే గానీ, రంగు శుభ్రంగా ఉండటానికీ బురదగా మారడానికీ తేడా ఆ గుడ్డ దగ్గరే ఉంటుంది.

తోపులన్నీ ఇటుకల వరుసల దిశలో, కలిసే బిందువు వైపు వాలుతూ పోవాలి. మధ్యమధ్య సందులు వదలండి, తొలిపూత కనిపిస్తే కనిపించనివ్వండి. పక్కింటికి రాగానే రంగు మార్చండి. ఒకటి ఎర్రగా, ఒకటి గోధుమగా, ఒకటి దాదాపు నల్లగా ఉండాలి. దూరపు ఇళ్ల దగ్గరికొచ్చేసరికి తెలుపూ నీలమూ కాస్త పెంచి మందం తగ్గించండి. అంత దూరంలో గోడ ఉబ్బితే వీధి వెనక్కి పోవడం మానేసి ముందుకొస్తుంది.

కిటికీలు కట్టే పద్ధతి తిరగేసి ఉంటుంది. అద్దం నిండా వేయక్కర్లేదు, తొలిపూతలోని రంగునే వదిలేయండి. పాలెట్ నైఫ్ అంచుకు తెలుపు రంగు ఒక సన్నటి గట్టులా ఎత్తుకుని గోడ మీద నిలువుగా నొక్కి తీస్తే చట్రం సిద్ధం. ఆ తెలుపు నిజంగా తెలుపు కాకూడదు. ఎండవైపు దాంట్లో ఓకర్, నీడవైపు నీలి బూడిద ఉండాలి. నీడలోని తెల్లచట్రం ఎండలోని ఇటుక కంటే ముదురుగా ఉండొచ్చు. ఇది నమ్మబుద్ధి కాదు గానీ, రెండింటినీ కళ్లు సగం మూసి పక్కపక్కన చూస్తే ఒప్పుకుంటారు. అద్దాల్లో ఒకటి రెండింటిలో మాత్రం ఆకాశపు ముక్క పెట్టండి. తడి రంగులో బ్రష్ కాడ కొనతో గీరి ఇటుక వరుసలు అక్కడక్కడ సూచించవచ్చు. ఒక్కో ఇంటికి రెండు మూడు చోట్ల మించి వద్దు.

నీడలోని ఇళ్ల వరుసకు ఇదేమీ వర్తించదు. అక్కడ రంగు పలచగానే ఉండాలి. ముదురు రంగు ఉబ్బెత్తుగా ఉంటే దాని గట్ల మీద వెలుతురు మెరిసి ఆ నీడ తేలిపోతుంది. వెలుగుకు ముద్దరంగు, నీడకు పలచటి పూత అన్నది డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ బొమ్మల్లో స్పష్టంగా చూడొచ్చు. నీడ లోతుగా ఉంటేనే ఎదుటి గోడ మండుతుంది.

చెట్లు, వంతెన, పడవలు

ఎల్మ్ చెట్టుకు ఫిల్బర్ట్ చాలు. విరిడియన్‌ను ఒంటరిగా వాడితే పచ్చ ప్లాస్టిక్‌లా ఉంటుంది, బర్న్ట్ సియెన్నాతో దాన్ని లొంగదీయండి. గుబురులో ఆకాశపు రంధ్రాలు వదలండి. వంతెనకు గోడ పద్ధతే, కమాను వంపు వెంట తోపులు తిరగాలి. పడవలు ఎక్కువ పెట్టకండి. ఒకటి దగ్గరగా, రెండు దూరంగా. దగ్గరి పడవ అంచు మీద ఎండ గీత ఒక్క నైఫ్ తోపులో పడాలి.

నీళ్లు

కళ్లు సగం మూసి కాలువను చూడండి. పైన తెల్లగా ఉన్నది నీళ్లలో కాస్త మసకగా, పైన నల్లగా ఉన్నది నీళ్లలో కాస్త లేతగా ఉంటుంది. కాలువ నీటికి ఉన్న పచ్చగోధుమ రంగు అన్నింటిలోనూ కొంచెం కలుస్తుంది. అందువల్ల గోడల కోసం కలిపిన మూడు కుప్పల్లో ఒక్కో దాంట్లోంచి కొంత తీసి, విరిడియన్, అంబర్‌ల చిటికెడు మిశ్రమం కలిపి నీళ్లకు వాడండి. వేరే నీలి రంగు తీయకండి. నీళ్లంటే నీలం అనుకుని వేసిన కాలువ ఆ ఊరిది కాకుండా పోతుంది.

ఇంకో సంగతి కూడా చూసి తీరాలి. దూరంలో నీళ్లు అద్దంలా ఆకాశాన్ని, ఇళ్లను చూపిస్తాయి. మీ కాళ్ల దగ్గరికి వచ్చేకొద్దీ చూపు నిట్టనిలువుగా దిగుతుంది, ప్రతిబింబం బలహీనపడి నీటి సొంత రంగు బయటపడుతుంది. కాబట్టి బొమ్మ కింది అంచు దగ్గర ముదురు పచ్చగోధుమ, పైకి పోయేకొద్దీ ఆకాశం, గోడలు.

వేసే తీరు రెండు దశలు. ముందు ప్రతిబింబాల రంగుల్ని పలచగా, నిలువు తోపులతో పైనుంచి కిందికి దించండి. గోడ అంచులు పదునుగా ఉండకూడదు. తర్వాత పొడిగా తుడిచిన శుభ్రమైన 12వ నంబరు బ్రష్‌ను ఆ తడి మీద అడ్డంగా, ఈక తాకినంత తేలిగ్గా, ఒకే ఒక్కసారి ఈడ్చండి. ఆ ఒక్క చర్యతో నిలువు గట్లు అణిగి ఉపరితలం చదునవుతుంది, నీళ్లు పడుకుంటాయి. నీళ్లలో నిలువు గట్లు మిగిలితే, పక్కనుంచి దీపం పెట్టి చూడగానే అవి గోడలా లేచి నిలబడతాయి.

ఆ పలచటి ఉపరితలం మీద ఇప్పుడు మందం కావాలి, కొద్ది చోట్ల మాత్రమే. అలలు చూపును బట్టి మారతాయి. దగ్గరి అల వెడల్పుగా, ఒక్కో తోపు బొటనవేలంత ఉంటుంది. దూరపు అల వెంట్రుకంత సన్నం. తోపులన్నీ ఖచ్చితంగా అడ్డంగా ఉండాలి, ఒక్కటి వాలినా కాలువ ఒరిగిపోతుంది. ఎండ గోడ ప్రతిబింబం నీళ్లలో తునకలు తునకలుగా పైనుంచి కిందికి సాగుతుంది. ఆ తునకలు అక్కడక్కడ నైఫ్‌తో ముద్దగా వేయండి. గాలి తాకిన చోట ప్రతిబింబం చెరిగి ఒక లేత బూడిద పట్టీ అడ్డంగా పరుచుకుంటుంది. అలాంటి పట్టీ ఒకటి నడిమి దూరంలో పెడితే నీటి ఉపరితలం ఎక్కడుందో కంటికి తెలిసిపోతుంది. ఎంత మంచి ప్రతిబింబమైనా ఆ పట్టీ లేకపోతే తలకిందులైన వీధిలా కనిపిస్తుంది.

చివరి విడత

బొమ్మను ఓ రోజు గోడకు తిప్పి పెట్టి, తర్వాత పక్కనుంచి దీపం వెలుతురు పడేలా చూడండి. రంగు మందం మ్యాపులా తెలుస్తుంది. ఎత్తైన గట్లు ఎండ గోడ మీద, పడవ అంచు మీద, నీళ్లలోని కొన్ని తునకల మీద ఉండాలి. నీడలో ఎక్కడైనా గట్టు మెరిస్తే నైఫ్ వీపుతో నొక్కి చదును చేయండి. ఆ తర్వాత కాడ్మియం ఎల్లో కలిపిన చిక్కటి తెలుపుతో మూడు నాలుగు మెరుపులు పెట్టండి. ఒక్కోటీ ఒకే తాకిడిలో పడాలి. తాళ్లు, దీప స్తంభాలు ఉంటే రిగ్గర్‌తో ఇప్పుడే వేయండి.

గుడ్డలు, ఆరడం, వార్నిష్

నూనె అంటిన గుడ్డల్ని కుప్పగా పారేయకండి. లిన్సీడ్ ఆయిల్ గాలితో కలిసేటప్పుడు వేడి పుడుతుంది, నలిపి పడేసిన గుడ్డల్లో ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకోవచ్చు. మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లు పోసి అందులో వేయండి, లేదా ఆరుబయట విడివిడిగా పరచి పూర్తిగా ఎండనివ్వండి. వాడిన టర్పెంటైన్‌ను సింకులో పోయవద్దు. సీసాలో నిలవ ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేరుకున్నది మళ్లీ వాడుకోవచ్చు.

పలచటి భాగాలు వారం పది రోజుల్లో ఆరినా, గోడ మీది గట్లకు నెలలు పడుతుంది. పైన పొర కట్టినా లోపల మెత్తగానే ఉంటుంది. దుమ్ము పడని చోట, వెలుతురు తగిలేలా నిలబెట్టండి. చీకటి అలమరలో పెడితే నూనె పసుపెక్కుతుంది. వార్నిష్‌కు ఆరు నెలలు కనీసం, గట్లు బాగా ఎత్తుగా ఉంటే ఏడాది. ముందు అన్నింటికన్నా మందంగా ఉన్న గట్టు మీద గోరు మెల్లగా నొక్కి చూడండి, లొంగితే ఇంకా ఆగాలి. తర్వాత దూదిపుల్లను టర్పెంటైన్‌లో తడిపి ఒక మూల లేతగా రుద్దండి. దూదికి రంగు అంటితే మరో రెండు నెలలు ఆగండి. అంటకపోతే మెత్తటి బ్రష్‌తో వార్నిష్ పలచగా వేయండి, గట్ల సందుల్లో బుడగలు, మడుగులు నిలవకుండా ఆ బ్రష్‌తోనే వెంటనే తీసేయండి.